ఎవరి నోట విన్నాం: రాయగడ కొండల నుంచి హైదరాబాద్ వచ్చిన ఒక కుటుంబం కేసు

హైదరాబాద్ పడమటి అంచున, కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు లేస్తున్న టవర్ల వెనక రేకుల షెడ్ల వరుసలుంటాయి. వాటిని లేబర్ క్యాంపులంటారు. అక్కడి కుటుంబాలకు ఆసుపత్రి, రేషన్, అంగన్‌వాడీ, కూలి లెక్కల విషయాల్లో తోడు నిలవడం మా చిన్న బృందం పని. నేను సామాజిక కార్యకర్తను, డాక్టర్‌ను కాను. ఈ కేసులో వైద్యం గురించి రాసినదంతా చికిత్స చేసిన డాక్టర్ల నుంచి నేను విని అర్థం చేసుకున్నదే.

ఇందులోని ఆమెను కమల అంటాను. అది ఆమె పేరు కాదు. ఊరు, సైటు, ఆసుపత్రి చెప్పను. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. ఇలా రాసుకోవచ్చా అని కమలను, ఆమె భర్తను వాళ్ళ భాషలోనే అడిగించాం. సరేనన్నారు.

నేపథ్యం

కమల వయసు 24 దాకా ఉంటుంది. ఆధార్‌లో జనవరి 1 అని వేశారు కాబట్టి అసలు వయసు ఎవరికీ తెలియదు. భర్త, నాలుగేళ్ళ కూతురు ఉన్నారు. ఒడిశాలో రాయగడ వైపు కొండ మీది ఊరు. వీళ్ళ గిరిజన తెగను అక్కడ కంధ అంటారు, మన ఉత్తరాంధ్రలో కోందులంటారు. నియమగిరి మీద బాక్సైట్ తవ్వకం వద్దని 2013లో 12 గ్రామసభలు వరుసగా తీర్మానం చేశాయే, ఆ డోంగ్రియా కంధలు వీళ్ళ దగ్గరివాళ్ళే. అప్పట్లో పేపర్లలో వాళ్ళ ఫొటోలు బాగా వచ్చాయి. అదే కొండల మనిషి హైదరాబాద్‌లో ఇటుకలు మోస్తుంటే మాత్రం 'ఒడిశా లేబర్' అనే ఒక్క మాటతో సరిపెడతాం.

పోడు మీద చోళ్ళు (రాగులు), సామలు, కందులు పండుతాయి. తిండి కొన్ని నెలలకు సరిపోతుంది. పెళ్ళికి, జబ్బుకు, ఇంటి పైకప్పుకు కావలసిన నగదు మాత్రం కొండ మీద పుట్టదు. అందుకని సర్దార్ దగ్గర అడ్వాన్సు తీసుకుంటారు. మన పాలమూరు లేబర్‌కు గుంపు మేస్త్రీ ఎలాగో వీళ్ళకు సర్దార్ అలాగ. ఈ దంపతులు ఇద్దరి మీద 40 వేలు తీసుకుని, నాగావళి ఎక్స్‌ప్రెస్ ఎక్కి 2023 ఆగస్టులో వచ్చారు. పనిచేసినన్నాళ్ళూ వారం వారం ఖర్చీ, అంటే తిండి ఖర్చుకు కొంత డబ్బు, ఇస్తారు. కూలి లెక్క చివర్లో తేలుతుంది. అడ్వాన్సు అందులోంచే కోస్తారు.

అప్పటికి అమలులో ఉన్న 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టర్‌కు లైసెన్సు ఉండాలి, కూలీకి పాస్‌బుక్ ఇవ్వాలి, నెల కూలిలో సగం మేరకు స్థానచలన భత్యం ఇవ్వాలి, దాన్ని మళ్ళీ కోయకూడదు. ఈ క్యాంపులో సర్దార్ చేతిలో ఒక రూళ్ళ నోటుబుక్ ఉంది. అంతే.

మా దగ్గరకు వచ్చిన సమస్య

సెప్టెంబర్ చివర్లో సైట్ సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. "మేడమ్, ఒకామె నెలలో పది రోజులు పనికి రావట్లేదు. మొగుడు తాగి కొడుతున్నాడేమో. కొంచెం కౌన్సెలింగ్ చేయండి."

వెళ్ళేసరికి షెడ్డులో కమల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కాళ్ళు కడుపులోకి ముడుచుకుంది. పాప గుమ్మంలో ఆడుకుంటోంది. నేను హిందీలో పలకరించాను, ఆమె మాట్లాడలేదు. పక్కనే నిలబడ్డ సర్దార్‌ను అడగమన్నాను. అతను ఆమెతో రెండు ముక్కలు మాట్లాడి, నావైపు తిరిగి హిందీలో చెప్పాడు: "ఒళ్ళు నొప్పులు మేడమ్. ఇంటి మీద బెంగ. కొత్తగా వచ్చినవాళ్ళకు మామూలే."

నా ఫైల్లో మొదటి రోజు నోట్సు ఇప్పటికీ ఉంది: 'ఒంటి నొప్పులు, నీరసం, ఇంటి బెంగ, గృహహింస అనుమానం.' నాలుగింట్లో ఒక్కటి కూడా కమల నోట వచ్చింది కాదు. రెండు సర్దార్‌వి, ఒకటి సూపర్‌వైజర్‌ది, నీరసం నాది. ఆ రోజు అది నాకు తట్టలేదు.

మొదట చేసినవి

దగ్గర్లోని ఒక బస్తీ దవాఖానాకు తీసుకెళ్ళాం. హిమోగ్లోబిన్ 7.6 ఉంది. రక్తం తక్కువన్నారు, ఐరన్ మాత్రలు, నులిపురుగుల మందు, నొప్పి మాత్రలు ఇచ్చారు. ఆ రోజు అక్కడున్నవాళ్ళు తమకు కనిపించినదానికి సరైన వైద్యమే చేశారు. తప్పు నా వైపు ఉంది. క్యాంపుల్లో ఏ ఆడకూలీకి పరీక్ష చేయించినా ఏడో ఎనిమిదో వస్తుంటే, ఎందుకు తక్కువ అని అడగడం మేం మానేశాం. తక్కువ ఉంటే ఐరన్ ఇవ్వడం మాకు అలవాటైపోయింది.

మాత్రలు ఎలా వేసుకోవాలో సర్దార్‌కు చెప్పి, ఆమెకు చెప్పమన్నాం. ఆరు వారాలు గడిచినా మార్పు లేదు. సంచీలో మాత్రలు సగానికి పైగా మిగిలే ఉన్నాయి. 'సహకారం లేదు' అని రాసుకున్నాను. ఆ మాట రాసినందుకు ఇప్పటికీ బాధపడతాను.

తర్వాత, హిందీ రాకపోవడమే అడ్డంకి అనుకుని, ఒడియా మాట్లాడే ఒక ఐటీ ఉద్యోగిని వాలంటీర్‌గా పిలిచాం. భువనేశ్వర్ వైపు అమ్మాయి. చాలా ఓపికగా, ఆప్యాయంగా అడిగింది. కమల లేచి కూర్చుంది, చీర సర్దుకుంది, ప్రతిదానికీ తల ఊపింది. అన్నం తింటున్నావా? ఊఁ. మాత్రలు వేసుకుంటున్నావా? ఊఁ. భర్త బాగా చూసుకుంటాడా? ఊఁ. కొడతాడా? దానికీ ఊఁ అంది.

ఆ చివరి ఊఁతో నేను తప్పు దారిలో ఇంకో అడుగు వేశాను. భర్తను విడిగా కూర్చోబెట్టి తాగుడు గురించి, కొట్టడం గురించి మాట్లాడాం. అతను ముందు అయోమయంగా చూశాడు, తర్వాత తల దించుకున్నాడు. ఆ మర్నాటి నుంచి మేం వస్తుంటే షెడ్డు తలుపు వేసేవాడు. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆదివారాలు కొంచెం తాగుతాడు, నిజమే. కానీ కమల పడుకున్న రోజుల్లో ఆమె వంతు పూడ్చడానికి రాత్రి పది దాకా సిమెంటు లారీలు దించుతున్నది అతనే. మేం పోలీసులకు పట్టిస్తామని భయపడ్డాడు.

ఒడియా ఎందుకు పనిచేయలేదో కూడా తర్వాతే అర్థమైంది. కమలకు ఒడియా అంటే కింద సంతలో వ్యాపారి భాష, ఫారెస్టు గార్డు భాష, ఆఫీసుల భాష. ఆ భాషలో ఎవరైనా గట్టిగా అడిగితే ఊఁ అని బయటపడటమే ఆమె చిన్నప్పటి నుంచి నేర్చుకున్న పద్ధతి. అడిగినవాళ్ళు ఎంత మంచివాళ్ళన్నది అక్కడ లెక్కలోకి రాదు. ఒక రాష్ట్రం నుంచి వచ్చిన మనిషి ఆ రాష్ట్ర భాష మనిషే అని మేం అనుకోవడం ఈ కేసులో అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

డిసెంబర్ రాత్రి

తలుపు మూసుకున్న ఆ నెలలోనే చలి ముదిరింది. డిసెంబర్ రెండో వారంలో ఒక రాత్రి కమలకు జ్వరం, ఛాతీలో నొప్పి వచ్చాయి, ఊపిరి అందలేదు. సర్దార్ ముందు దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గరకు తీసుకెళ్ళాడు. ఒక సూది వేసి, సెలైన్ ఎక్కించారు. తెల్లవారేసరికి ఇంకా దిగజారింది. భర్త తన ఫోన్‌లో మా నంబర్ నొక్కాడు. తలుపు వేసిన మనిషే మమ్మల్ని పిలిచాడు. 108లో ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాం. నిమోనియా అని చేర్చుకున్నారు. ఆక్సిజన్, యాంటీబయాటిక్స్‌తో నాలుగు రోజులకు తేరుకుంది. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్నవాళ్ళకు ఛాతీలో వచ్చే ప్రమాదకరమైన పరిస్థితి అదే అయి ఉండవచ్చని, తర్వాత కేసు చూసిన డాక్టర్ అన్నారు.

మూడో రోజు వార్డు బయట వరండాలో కమల కూతురిని ఒళ్ళో పెట్టుకుని ఏదో చెబుతోంది. రెండు అడుగుల దూరంలో వేరే పేషెంట్ కోసం వచ్చిన ఒక అమ్మాయి చటుక్కున తల తిప్పి, అదే భాషలో ఏదో అడిగింది. కమల మొహం అలా విప్పారడం అంతకు ముందు మూడు నెలల్లో నేను చూడలేదు.

ఆ అమ్మాయిది పార్వతీపురం మన్యం జిల్లా కొండల్లో ఊరు. హైదరాబాద్‌లో నర్సింగ్ చదువుతోంది. "అక్కా, ఇది ఒడియా కాదు, కువి. మా ఇంట్లో మాట్లాడే భాషే" అంది.

కువి మన తెలుగుకు దగ్గరి చుట్టం. గోండి, కుయి, కువి, కొండ భాష, తెలుగు అన్నీ ద్రావిడ భాషల్లో ఒకే శాఖ కింద వస్తాయి. కువిలో కూడా ఇల్లును ఇల్లు అనే అంటారు. రాష్ట్రాల సరిహద్దు ఆ కొండల మధ్య గీత గీసింది కానీ భాష రెండు వైపులా ఉంది. మూడు నెలలు ఆ భాష నా చెవిన పడుతూనే ఉంది. ఒడియా అనుకుని ఊరుకున్నాను.

నలభై నిమిషాలు

ఆ వరండాలోనే, కమల ఒప్పుకున్న తర్వాత, నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. సర్దార్‌ను టీకి పంపించాం. అది యాదృచ్ఛికంగా జరిగింది, కానీ ఫలితం చూశాక దాన్నే నియమం చేసుకున్నాం.

అప్పుడు తెలిసినవి ఇవి. నొప్పులు కొత్తవి కావు, చిన్నప్పటి నుంచీ ఉన్నాయి. పసిపిల్లగా ఉన్నప్పుడు చేతులు, పాదాలు ఉబ్బేవని తల్లి చెప్పేది. నొప్పి పిక్క ఎముకల్లో, నడుములో, తుంటిలో వస్తుంది. లోపల ఎవరో రాయితో నూరుతున్నట్టు ఉంటుందట. చలికాలంలో ఎక్కువ. అప్పుడప్పుడు కళ్ళు పచ్చబడతాయి, ఊళ్ళో పసరు పోస్తారు. ఇద్దరు తమ్ముళ్ళు చిన్నతనంలోనే జ్వరాలతో పోయారు.

మాత్రలు ఎందుకు వేసుకోలేదని అడిగాం. 'నొప్పి ఉన్నప్పుడు వేసుకో' అని సర్దార్ చెప్పాడట. ఐరన్ మాత్ర వేసుకుంటే నొప్పి తగ్గలేదు, మానేసింది. ఆమె చేసింది తనకు చెప్పిన దాని ప్రకారం సరైనదే.

ఒక మాట అసలు కథ తిప్పేసింది. పనిలో నీళ్ళు ఎన్నిసార్లు తాగుతావని నర్సింగ్ అమ్మాయి మామూలుగానే అడిగింది. కమల పని 11వ అంతస్తులో. ఆడవాళ్ళ మరుగుదొడ్డి కింద, క్యాంపు వైపు ఉంది. సామాను లిఫ్టులో ఎక్కనివ్వరు. మెట్లు దిగి ఎక్కేసరికి చాలాసేపు పడుతుంది, పైన మేస్త్రీ తిడతాడు. అందుకని పొద్దున్న ఒక్క గ్లాసు తాగి, సాయంత్రం దాకా నోరు కట్టుకుంటుంది. ఆమె ఒక్కతే కాదు, పై అంతస్తుల్లో పనిచేసే ఆడవాళ్ళందరూ అంతే. మిగతావాళ్ళకు అది మూత్రంలో మంటగానో తలనొప్పిగానో తేలుతుంది. కమలకు మాత్రం అది ఎముకల్లో నొప్పై లేస్తోంది.

ఇవన్నీ విన్న వార్డు డాక్టర్ సికిల్ సెల్ అయి ఉండవచ్చని అనుమానించి, ఎందుకో వివరించారు. సికిల్ సెల్ ఉన్నవాళ్ళ ఎర్ర రక్తకణాలు గుండ్రంగా కాక కొడవలిలా వంగి, బిరుసెక్కి, సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయి. ఒంట్లో నీరు తగ్గితే, చలి తగిలితే, జ్వరం వస్తే, అతిగా శ్రమ పడితే అది ఎక్కువవుతుంది. ఆ కణాలు త్వరగా చితికిపోతాయి కాబట్టి రక్తం తగ్గుతుంది, కళ్ళు పచ్చబడతాయి. ఆ జాబితా వింటుంటే నాకు కమల దినచర్య కళ్ళ ముందు నడిచింది: తెల్లవారుజామున ఐదింటికి ట్యాంకర్ నీళ్ళతో చన్నీటి స్నానం, నీళ్ళు లేని పగలు, పదకొండు అంతస్తుల మెట్లు, రేకుల కింద చలి రాత్రి.

పరీక్ష, ఆ తర్వాత చెప్పడం

ముందు సాల్యుబిలిటీ పరీక్ష చేశారు, పాజిటివ్ వచ్చింది. దాంతో జబ్బు ఉందా, లేక జన్యువు మోస్తున్నారా అన్నది తేలదు. అందుకే హెచ్‌పీఎల్‌సీకి, అంటే రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే పరీక్షకు, పంపారు. తొమ్మిది రోజులకు రిపోర్టు వచ్చింది. కమలకు జబ్బు ఉంది. భర్తకు లేదు. పాపకు ఒక్క జన్యువే వచ్చింది, అంటే క్యారియర్, జబ్బు మనిషి కాదు.

ఎవరికి ముందు చెప్పాలన్నది మా బృందంలో గంటసేపు చర్చ అయింది. సాధారణంగా భర్తను, భార్యను కలిపి కూర్చోబెడతాం. ఇక్కడ అలా వద్దనుకున్నాం. ఆమె విషయాలన్నీ అప్పటిదాకా వేరేవాళ్ళ నోట బయటికి వచ్చాయి. ఈ ఒక్కటైనా ముందు ఆమెకు తెలియాలి, ఎవరికి ఎంత చెప్పాలో ఆమె తేల్చుకోవాలి. నర్సింగ్ అమ్మాయి కొడవలి బొమ్మ గీసి కువిలో చెప్పింది. కొడవలి తెలియని ఇల్లు కొండ మీద లేదు కాబట్టి ఆ మాట వెంటనే అందింది. ఇది అంటుకోదని, దిష్టి కాదని, తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బవుతుందని చెప్పింది. ఆ చివరిది ముఖ్యం. లేకపోతే నింద మొత్తం ఆడవాళ్ళ మీదకే పోతుంది.

కమల చాలాసేపు బొమ్మ చూసి, ఒకటే అడిగింది. తన తమ్ముళ్ళు పోయింది దీనితోనేనా అని.

మాకు తెలియదు. అయి ఉండవచ్చని చెప్పాం. ఆమె ఏడవలేదు. పాప చేతిని తిప్పి తిప్పి చూసింది. పాపకు జబ్బు లేదని నర్సింగ్ అమ్మాయి మూడోసారి చెప్పాక వదిలింది.

చికిత్స డాక్టర్లే నిర్ణయించారు: హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ యాసిడ్, టీకాలు, మొదట్లో నెల నెలా రక్తపరీక్ష. ఐరన్ ఆపేశారు. ఈ జబ్బులో ఐరన్ తక్కువని పరీక్షలో తేలితే తప్ప ఇవ్వకూడదట. నొప్పి సూదులు ఇష్టం వచ్చినట్టు వేయించుకుంటే, ఒంట్లో నీరు లేనప్పుడు కిడ్నీలు దెబ్బతింటాయని హెచ్చరించారు. హైడ్రాక్సీయూరియా వాడేటప్పుడు గర్భం రాకుండా చూసుకోవాలి. కమలకు ఇంకో బిడ్డ కావాలని ఉంది. ఎప్పుడు, ఎలా అన్నది ఆమె, భర్త డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకున్నారు. అది ఇక్కడ రాయను.

క్యాంపులో ఏం మార్చాం

ఇక్కడే మా ముందు అసలు చిక్కు వచ్చి పడింది. కమలకు నీళ్ళు, దగ్గర్లో మరుగుదొడ్డి, తేలిక పని కావాలి. జబ్బు పేరు చెప్పి అడిగితే సూపర్‌వైజర్ మంచివాడే కాబట్టి ఇస్తాడేమో. కానీ మర్నాటికి క్యాంపంతా తెలుస్తుంది. వచ్చే ఏడాది సర్దార్ ఆమెను తీసుకురాడు. ఇంకా ఘోరం, 'ఆ కొండలవాళ్ళకు రక్తం జబ్బు' అనే మాట పుట్టి, కువి మాట్లాడే ప్రతివాళ్ళకూ పని దొరక్కుండా పోవచ్చు. ఒక జాతి పేరుకు జబ్బు పేరు అతుక్కుంటే దాన్ని పీకడం ఎవరి తరమూ కాదు.

అందుకని కమల పేరు ఎత్తకుండా, పై అంతస్తుల్లో పనిచేసే ఆడవాళ్ళందరికీ అని అడిగాం. సైట్ ఇంజనీర్‌కు సేఫ్టీ భాషలోనే చెప్పాం: నీళ్ళు తాగని మనిషి ఎత్తులో కళ్ళు తిరిగి పడితే బాధ్యత ఎవరిది? రెండు వారాలు తిప్పుకున్నాడు. తర్వాత 6వ, 12వ అంతస్తుల్లో తాత్కాలిక మరుగుదొడ్లు, నాలుగు అంతస్తులకో నీళ్ళ డ్రమ్ము వచ్చాయి. స్నానానికి వేడినీళ్ళు మాత్రం సాధించలేకపోయాం. కమల షెడ్డులో పొయ్యి మీద కాచుకోవడమే దారైంది.

పని మార్పు ఇంకోలా కుదిరింది. అప్పటికి అమలులో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం 50 మందికి మించి ఆడకూలీలు ఉన్నచోట పిల్లల గది ఉండాలి. ఈ సైటులో అంతమంది లేరు, కాబట్టి చట్టం చూపించి అడగలేం. కానీ పిల్లలు ఇసుక కుప్పల మధ్య తిరుగుతున్నారన్న భయం ఇంజనీర్‌కూ ఉంది. ఒక షెడ్డు ఇచ్చాడు. ఆ గదిలో సాయానికి ఇద్దరు ఆడవాళ్ళు కావాల్సి వచ్చింది, కమలను ఒకరిగా తీసుకున్నాం. కూలి రోజుకు 50 రూపాయలు తక్కువ. లెక్క వేసి చూపిస్తే, నెలలో పది రోజులు పోగొట్టుకోవడం కన్నా ఇదే నయమని భార్యాభర్తలిద్దరూ అన్నారు.

ఊరికి పంపేయడం మేలు కాదా అని మా బృందంలోనే ఒకరు గట్టిగా అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కమలనే అడిగాం. అడ్వాన్సు తీరకుండా వెళితే ఆ బాకీ మామగారి మీద పడుతుందని, మందు ఇచ్చే ఆసుపత్రి ఊరికి చాలా దూరమని, పాపకు ఇక్కడ రోజూ గుడ్డు దొరుకుతోందని చెప్పింది. ఆ మూడు కారణాల్లో మేం ఊహించింది ఒక్కటే.

సర్దార్

ఇక్కడిదాకా చదివినవాళ్ళకు సర్దార్ దుర్మార్గుడిలా కనిపించవచ్చు. నాకూ కొన్నాళ్ళు అలాగే అనిపించింది, లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేయాలని కాగితం కూడా రాశాం. పంపలేదు. షెడ్డు అతని చేతిలో ఉంది, ఊళ్ళో మామగారి బాకీ అతని దగ్గరే ఉంది. కమల మంచం మీద ఉండగా ఆ తగువు మొదలుపెడితే దెబ్బ తగిలేది ఆమెకే. ఫిర్యాదు హక్కు వాళ్ళది, ఎప్పుడన్నది వాళ్ళే చెప్పాలి అనుకున్నాం.

అతనిది కొండ కింది సంత ఊరు. సంతలో బేరానికి సరిపడా కువి వచ్చు. 'ఉప్పు ఎంత, మేక ఎంత' అనగలడు. 'ఎముక లోపల నూరుతున్నట్టుంది' అనే మాట అతనికి అర్థం కాలేదు, ఒళ్ళు నొప్పి అని చెప్పేశాడు. కావాలని మార్చింది కాదు. పైగా, పెద్ద కాంట్రాక్టర్ దగ్గర అతనూ అడ్వాన్సు తీసుకున్నాడు. కమల పడుకున్న ప్రతి రోజూ అతని బాకీ కదలదు. ఆమెను త్వరగా పనిలోకి దింపాలన్న తొందర అతని తర్జుమాలోకి తెలియకుండానే వచ్చింది. ఆ స్థానంలో ఎవరున్నా అంతే జరిగేది.

లెక్కల విషయంలో ఒక చిన్న పని చేశాం. ప్రతి ఆదివారం నోటుబుక్‌లో తన పేజీని భర్త ఫోన్‌లో ఫొటో తీసుకుంటాడు. గొడవ లేదు, నిలదీయడం లేదు. సర్దార్ మొదట చిరాకుపడ్డాడు. తర్వాత వేరే రెండు కుటుంబాలు కూడా తీయడం మొదలుపెట్టాయి.

ఏం నేర్చుకున్నాం

బాకీ సంబంధం ఉన్న మనిషి నోట మాట తర్జుమా చేయించకూడదు. ఇప్పుడు మా ఫారంలో మొదటి గడి 'మాతృభాష' కాదు. 'ఇంట్లో పిల్లలతో ఏ భాష మాట్లాడతారు' అని ఉంది, రాష్ట్రం పేరు చివర్లోకి పోయింది. దాని పక్కనే 'తర్జుమా చేసినది ఎవరు, వీరికి వారికి డబ్బు సంబంధం ఉందా' అన్న గడి. నర్సింగ్ అమ్మాయికి గంటకు ఇంత అని డబ్బు ఇస్తున్నాం. మొహమాటపడింది, కానీ అది నైపుణ్యం, దానం కాదు. మందుల వివరాలు ఆమె గొంతుతో కువిలో రికార్డు చేసి భర్త ఫోన్‌లో వేశాం. చదువు రాని ఇంట్లో చీటీ కన్నా అది వందరెట్లు పనికొచ్చింది. మళ్ళీ సంచీ చూస్తే మాత్రలు లెక్క ప్రకారం ఉన్నాయి.

చెప్పింది అర్థమైందా అని అడిగితే ఊఁ అనే అంటారు. 'నువ్వు రేపు ఏం చేస్తావో నాకు చెప్పు' అనాలి.

ఇంకొకటి మా చేతిలో లేనిది. సికిల్ సెల్ నిర్మూలన కోసం దేశమంతటికీ ఒక మిషన్‌ను 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాహ్‌డోల్‌లో మొదలుపెట్టారు. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి జబ్బును తుడిచివేయాలని లక్ష్యం. మంచి పని. కానీ ఆ లెక్క ఊరిని బట్టి నడుస్తుంది. పరీక్ష చేసేవాళ్ళు కొండ ఎక్కేసరికి, అవసరమైన వయసు మనుషులు హైదరాబాద్‌లోనో కేరళలోనో ఉంటారు. నగరంలో వాళ్ళను చూసే డాక్టర్‌కు వాళ్ళు కొండ నుంచి వచ్చారన్న సంగతే తెలియదు. కమల రెండిటి మధ్యా జారిపోయింది. అందుకే తర్వాత క్యాంపులో, ఒప్పుకున్నవాళ్ళకు పరీక్షలు చేయించాం. ఫలితం ఎవరిది వారికే, విడిగా, కువిలోనే చెప్పాం. కంపెనీకి ఒక్క కాగితమూ ఇవ్వలేదు. మరికొందరు క్యారియర్లు తేలారు. పరీక్ష చేయించుకున్నవాళ్ళలో సర్దార్ కూడా ఉన్నాడు. అతని మేనల్లుడు ఇలాంటి నొప్పులతోనే పోయాడని ఆ రోజే మొదటిసారి చెప్పాడు.

ఇప్పటి పరిస్థితి

జనవరి నుంచి మార్చి దాకా కమల పడుకున్నది మొత్తం నాలుగు రోజులు. ఒకసారి నొప్పి గట్టిగా వచ్చింది, ఈసారి ఆర్‌ఎంపీ దగ్గరకు కాక నేరుగా ఆసుపత్రికి వెళ్ళారు. హిమోగ్లోబిన్ 9 దగ్గర నిలిచింది. సొంత రాష్ట్రం కార్డుతోనే ఇక్కడ రేషన్ తీసుకునే పోర్టబిలిటీ కింద బియ్యం ఇప్పించబోయాం. సిమెంటుకు అరిగిన భర్త వేలిముద్ర మూడు నెలలు పడలేదు. కమల పిల్లల గదిలోకి మారాక ఆమె వేలు పడింది.

2024 ఏప్రిల్‌లో చైత్ర పర్వానికి ఊరు వెళ్ళారు. రెండు నెలల మందులు కట్టి ఇచ్చాం. అయిపోతే ఎక్కడికి వెళ్ళాలో తెలియాలి కదా అని, నర్సింగ్ అమ్మాయి పార్వతీపురంలో తనకు తెలిసినవాళ్ళ ద్వారా దారి చెప్పి ఉంచింది. ఆ కొండవాళ్ళకు జిల్లా ఆసుపత్రి కన్నా రైల్లో పార్వతీపురం రావడం కొన్నిసార్లు సులువు.

జూన్ మొదటి వారంలో భర్త ఫోన్ నుంచి కమల గొంతుతో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది, కువిలో. నర్సింగ్ అమ్మాయి విని చెప్పింది: మాత్రలు పదకొండు మిగిలాయట. వర్షాలు పడ్డాయి, విత్తనాలు వేసి వస్తారట. చెల్లెలికి కూడా చేతులు ఉబ్బేవని తల్లి ఇప్పుడు చెప్పిందట, ఆమెను కూడా తీసుకురావచ్చా అని అడుగుతోంది.